సీలు తీయని ఫోను

బుధవారం మధ్యాహ్నం ఫోను ఇంటికి వచ్చింది. ఆదివారం పొద్దున పదకొండు దాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని మరిది ఆంక్ష పెట్టాడు.

తెచ్చినతని చేతిలోంచి పెట్టెను పసిబిడ్డను అందుకున్నట్టు రెండు చేతులా అందుకున్నాడు. పైనున్న మట్టిరంగు అట్టను తనే విప్పాడు. లోపలి తెల్లపెట్టెను మాత్రం ఉతికిన తువ్వాలుతో పట్టుకుని, ముందుగదిలో ఇనప బీరువా మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. మళ్లీ వెళ్లి కాస్త ఎడమకు జరిపాడు.

"వదినా, దుమ్ము దులపడానిక్కూడా దాని జోలికి రాకు. వేలిముద్రలు పడతాయి. కెమెరా ఇట్టే పట్టేస్తుంది."

కుట్టుమిషను ముందు కూర్చున్న వదిన పెదాల మధ్య నుంచి మూడు గుండుసూదులు తీసింది. "అది నా ఫోనే కదా?"

"నీదే. కాదన్నదెవరు? సీలు మాత్రం ప్రేక్షకులది."

ఆ ప్రేక్షకులు, అంటే అతని వీడియోలు చూసేవాళ్లు, అరవై ముగ్గురు. అందులో ముగ్గురు అతనే, మూడు వేరువేరు పేర్లతో. వీధిలో అందరూ అతన్ని 'రివ్యూ' అని పిలుస్తారు. చదువు అయిపోయిన రెండేళ్లలో గొడుగు, ఇస్త్రీపెట్టె, పక్కింటివాళ్ల సైకిల్ పంపు, అన్నిటి మీదా అభిప్రాయాలు చెప్పాడు. గోడలకు వేసే రంగు డబ్బా మూత తీయడం మీద పదకొండు నిమిషాల వీడియో చేశాడు. అయితే సీలున్న కొత్త ఫోను ఇంట్లోకి రావడం ఇదే మొదలు. ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్లు కొత్త ఫోన్లు విప్పుతుంటే చూసి గుటకలు మింగినవాడు ఇప్పుడు ఊరికే వదులుతాడా?

"కిటికీలోంచి వెలుతురు పదకొండింటికి బల్ల మీద పడుతుంది. నాకు ఆదివారం తప్ప తీరిక లేదు," అన్నాడు.

సోమవారం నుంచి శనివారం దాకా అతనికున్న పనేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. అడిగితే అదో వీడియో అవుతుందని ఎవరూ అడగరు.

వదినను వీధిలో కుట్లమ్మ అంటారు. ముందుగదిలో కిటికీ పక్కన ఆవిడ మిషను, మిషను వెనక ఆ ఇనప బీరువా. పన్నెండేళ్లుగా ఆవిడ చేసేది ఒకటే పని. ఎవరో కుట్టిన బట్టలను విప్పి మళ్లీ కుట్టడం. లావైనవాళ్లకు వదులు చేస్తుంది, చిక్కినవాళ్లకు బిగిస్తుంది. అన్నయ్య ప్యాంటును తమ్ముడికి, అక్క గౌనును చెల్లెలికి దింపుతుంది. విప్పి కుట్టినట్టు ఎవరికీ తెలియకూడదు, అదే ఆ పనిలో గొప్ప. అందుకే ఆవిడ గొప్పతనం కూడా ఎవరికీ తెలియలేదు. కొత్త గుడ్డ ఎవరూ ఆవిడ దగ్గరికి తీసుకురారు. కొత్త గుడ్డంతా వీధి మూలమీద ఉన్న 'మెరుపు టైలరు' దగ్గరికి పోతుంది. పన్నెండేళ్లలో కుట్లమ్మ ఒక్క కొత్త గుడ్డ తాను విప్పి మొదటి కత్తెర వేసింది లేదు.

ఆ మొదటి కత్తెర ఇప్పుడు ఒక ఫోన్ కాల్ దూరంలో ఉంది.

పది రోజుల కిందట ఆసుపత్రి మేట్రన్ తన కోటు బిగించడానికి ఇచ్చింది. మొన్న సోమవారం తీసుకోవడానికి వచ్చినప్పుడు కోటును తిరగేసి, కళ్లజోడు పెట్టుకుని, రెండు పక్కలా వెతికింది.

"ఎక్కడ విప్పావు?"

"రెండు పక్కలా అండీ."

"కనిపించడం లేదే."

"కనిపించకూడదండీ."

మేట్రన్ కళ్లజోడు తీసింది. ఆసుపత్రిలో నర్సులు నలభై మంది. ఒక్కొక్కరికి రెండేసి కొత్త కోట్లు కుట్టించాలి. గుడ్డ ఆసుపత్రివాళ్లదే. "పైవాళ్లతో మాట్లాడి, ఆదివారం మధ్యాహ్నంలోపు ఫోన్ చేస్తాను. ఒక్కసారే చేస్తాను. ఎత్తకపోతే ఆ మూలమీద ఆయనకు ఇచ్చేస్తాను. పిలిస్తే పలకనివాళ్లు నాకు ఆసుపత్రి నిండా ఉన్నారు, బయటినుంచి కూడా అక్కర్లేదు," అని చెప్పి వెళ్లింది.

సరిగ్గా మర్నాడే, మంగళవారం, పాత ఫోను కన్నుమూసింది. ఆర్నెల్లుగా అది అవయవం తరవాత అవయవంగా పోతూనే ఉంది. ముందు మైకు, తరవాత సగం తెర, చివరికి మొత్తంగా, నంబర్లన్నీ కడుపులో పెట్టుకుని పోయింది. కుట్లమ్మ భర్త లిఫ్టులు బాగుచేసే మనిషి, మాట తక్కువ. ఆ సాయంత్రమే కొత్త ఫోనుకు ఆర్డరు పెట్టేశాడు. అది వచ్చింది. వచ్చి బీరువా ఎక్కింది.

కుట్లమ్మ ఊరికే కూర్చోలేదు. బుధవారం రాత్రి భోజనాల దగ్గర మరిదిని అడిగింది. "అబ్బాయ్, పోనీ నా సిమ్ నీ ఫోనులో నాలుగు రోజులు పెట్టుకో."

"అది ఫోను కాదు వదినా. కెమెరా."

"మీ అన్నయ్య ఫోనులో?"

భర్త అన్నం కలుపుతూ ఆగి, "డ్యూటీలో లిఫ్టు గుంటలో ఉంటాను. అక్కడ సిగ్నలుండదు," అన్నాడు. ఆ వారానికి ఆయన మాట్లాడింది అదే.

అత్తగారికి ఫోను లేదు. ఆవిడకు వంటింటి కిటికీ ఉంది. వీధిలో వార్తలన్నీ ఫోనుకన్నా ముందే ఆ కిటికీకి అందుతాయి గానీ, ఆసుపత్రి వార్తలు అందవు.

గురువారం కుట్లమ్మ రెండు బస్సులు మారి ఆసుపత్రికి వెళ్లింది. గేటు దగ్గరి గుమాస్తా పుస్తకంలోంచి తలెత్తకుండానే చెప్పాడు. "మేట్రన్ గారిని కలవాలంటే ముందు ఫోన్ చేసి రావాలమ్మా."

శుక్రవారం మధ్యాహ్నం మరిది బయటికెళ్లాడు. అత్తగారు లోపల కునుకు తీస్తోంది. కుట్లమ్మ మిషను ఆపి, బీరువా మీదికి చూసింది. తెల్లపెట్టె అంచుకు అటొకటి ఇటొకటి, వేలిగోరంత పారదర్శకపు స్టిక్కర్లు. అదే సీలు. ప్రేక్షకులది.

'ఎవడు కుట్టినా కుట్టే కదా,' అనుకుంది.

పెట్టెను దించి, వేడిగా ఉన్న ఇస్త్రీపెట్టెకు జానెడు దూరంలో పట్టుకుంది. జిగురు మెత్తబడ్డాక, సన్నసూదిని స్టిక్కరు కిందికి పోనిచ్చి, పట్టుకుట్టు విప్పినట్టు ఓపిగ్గా లేపింది. ఒక్క ముడత పడలేదు. మూత తీస్తే, లోపల అచ్చం మూత మీద బొమ్మలో ఉన్నట్టే ఫోను ఉంది. ఆవిడకు ఏ ఆశ్చర్యమూ కలగలేదు. బొమ్మ వేసి మరీ చెప్పారు కదా.

సిమ్ గూడు తెరవడానికి పెట్టెలో ఒక చిన్న ఇనప పుల్ల ఇచ్చారు. ఆవిడ తన గుండుసూదితోనే తెరిచి, పాత సిమ్ పెట్టింది.

అసలు తంటా అక్కడినుంచి మొదలైంది. కుట్లమ్మ ఫోను గురించి ఏమనుకుందోగానీ, ఫోను మాత్రం కుట్లమ్మ గురించి అన్నీ తెలుసుకోవాలనుకుంది. ఏ భాష, ఏ పేరు, ఏ పుట్టినరోజు, ఎక్కడుంటారో తెలుసుకోవచ్చా, మీ ఫొటోలు చూడవచ్చా, మీ మాటలు వినవచ్చా. సంబంధం కలుపుకోవడానికి వచ్చినవాళ్లు కూడా ఇన్ని ఆరాలు తీయరు. అన్నిటికీ "సరే" అని నొక్కుతూ పోయింది. ఆరంకెల రహస్య సంఖ్య అడిగితే, ఆ పూట మిషను మీదున్న గౌను కొలతలు మూడూ వరసగా కొట్టింది. చివరికి, మీ ముఖం చూపించండి అంది. చూపించింది. ఎడమకు తిప్పమంది, కుడికి తిప్పమంది. పోలీసులు కూడా ఇంతే అడుగుతారేమో అనుకుంటూ తిప్పింది. మీ ముఖం గుర్తుపెట్టుకున్నాను అని ఫోను సంతోషించింది.

మోత పూర్తిగా తీసేసి, వణుకు మాత్రం ఉంచింది. ఫోనును పెట్టెలో, స్టిక్కర్లను వాటి చోట్లలో, పెట్టెను బీరువా మీద, కాస్త ఎడమకు జరిపి పెట్టేసింది. మరిది వచ్చి చూసి తృప్తిగా తలూపాడు.

శనివారమంతా కుట్లమ్మ కుర్చీని వెనక్కి జరుపుకుని, బీరువాకు వీపు ఆనించి పని చేసింది. ఇనప బీరువా మీద ఫోను వణికితే వీపుకు తెలిసిపోతుంది.

"ఏంటమ్మాయ్, బీరువాకు అతుక్కుపోయావు? నడుం పట్టేసిందా?" అంది అత్తగారు.

"చల్లగా ఉంది అత్తమ్మా."

శనివారం గడిచింది. బీరువా చల్లగానే ఉంది. కాల్ రాలేదు.

ఆదివారం పొద్దున భర్త డ్యూటీకి పోయాడు. పదిన్నరకు మరిది కిటికీ కింద బల్ల వేసి, దుప్పటి పరిచి, తన ఫోనును డబ్బాల దొంతర మీద రబ్బరు బ్యాండ్లతో కట్టాడు. తెల్లపెట్టెను తువ్వాలుతో తెచ్చి బల్ల మధ్యలో పెట్టాడు. కుట్లమ్మకు గుండెలో మిషను నడుస్తోంది. పెట్టెలో ఫోను ఆపేస్తే కోట్లు పోతాయి, ఆపకపోతే పరువు పోతుంది. ఇంకా గంటన్నర ఉంది మధ్యాహ్నానికి. 'ఈ అరగంటా గడిస్తే చాలు, మూత తీశాక ఎలాగూ నా చేతిలోనే ఉంటుంది,' అనుకుని ఊరుకుంది.

"వదినా, పెట్టె నువ్వు విప్పాలి. నీ చేతులు బాగుంటాయి. మొహంలో ఆశ్చర్యం కావాలి. ఏదీ, ఒకసారి ఆశ్చర్యపడు."

ఆవిడ కళ్లు పెద్దవి చేసింది.

"అది భయం వదినా. ఎప్పుడూ చూడనిది చూసినట్టు చూడు."

"పెట్టె మీద బొమ్మ ఉంది కదా. లోపల అదే ఉంటుంది కదా."

"ఉంటుంది. కానీ ఉంటుందని నీకు తెలియదు."

"తెలియకపోతే ఎందుకు కొన్నాం?"

మరిది నుదురు పట్టుకున్నాడు. పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్న అత్తగారు, "ఒరేయ్, దానివల్ల కాదు గానీ, నన్ను చూడు," అంటూ నోరు వెళ్లబెట్టి, గుండె మీద చెయ్యి వేసుకుని, కళ్లు తేలేసి, వెనక్కి ఒరిగింది.

"అమ్మా! ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే ఇది?"

"మీ నాన్న నెలనెలా జీతం తక్కువ చేసి చెప్పినప్పుడల్లా ఇలాగే పడేదాన్ని. అలవాటు."

ఆశ్చర్యం అత్తగారికి, చేతులు కోడలికి అని తేలింది. మరిది గొంతు సవరించుకున్నాడు. ఇంట్లో మామూలుగా మాట్లాడే గొంతు కాదది, ఎక్కడినుంచో అద్దెకు తెచ్చినట్టుంటుంది.

"నమస్కారం ఆత్మీయులారా! ఇదిగో, మీకోసం, ఇంతవరకూ మనిషి చెయ్యి తగలని పెట్టె! దీని బరువు చూడండి, ఎంత హుందాగా ఉందో! దీని తెలుపు చూడండి! మామూలు తెలుపు కాదు, ఆలోచించి వేసిన తెలుపు. లోపల ఏముందో మనకెవరికీ తెలియదు. నిశ్శబ్దంగా, ప్రశాంతంగా, ఇది మనకోసం ఎదురు చూస్తోంది..."

పెట్టె కదిలింది.

ముందు చిన్నగా గుర్రుమంది. తరవాత దుప్పటి మీద అంగుళం అంగుళం పక్కకు జరగసాగింది.

"ఒరేయ్," అంది అత్తగారు. "పెట్టె నడుస్తోందిరా."

మరిది పెట్టెను చూశాడు. అద్దె గొంతు ఎటో పోయి, సొంత గొంతు అరిచింది. "బ్యాటరీ! బ్యాటరీ పేలుతోంది! ఎవరూ ముట్టుకోకండి!" అని తల్లి వెనక్కి దూకాడు.

ఈసారి అత్తగారు ఆశ్చర్యపడుతూ కూర్చోలేదు. లేచి నీళ్ల బిందె రెండు చేతులా ఎత్తింది. కుట్లమ్మ ఒక్క ఉదుటున బల్ల మీద బోర్లా పడి, పెట్టెను కడుపులో దాచుకుంది.

"పొయ్యకండి అత్తమ్మా! అది పేలడం లేదు, మోగుతోంది!"

"సీలు తీయని ఫోను ఎలా మోగుతుంది?" మరిది తల్లి భుజం మీంచి అడిగాడు.

జవాబు చెప్పే తీరిక లేదు. అత్తగారు బిందె దించేసరికి, కుట్లమ్మ లేచి స్టిక్కర్లు గోటితో లాగేసరికి, మూత బిగుసుకుని నెమ్మదిగా, తన హుందాతనం చూసుకుంటూ పైకి వచ్చేసరికి, వణుకు ఆగిపోయింది. ఫోను తెర మీద ఒకే ముక్క ఉంది. 'ఒక కాల్ మిస్ అయింది.' ఎవరిదో, ఏ నంబరో చూపించదట. రహస్యమట. చూడాలంటే ఫోను తెరవాలట.

"ఎప్పుడు విప్పావు?" అని అడిగాడు మరిది.

"శుక్రవారం."

అతను స్టిక్కరును వెలుతురుకు పెట్టి చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. "తెలియనే తెలియలేదే..."

కుట్లమ్మ ఫోనును ముఖానికి ఎదురుగా పెట్టుకుంది. ఫోను ఆవిడను చూసి, మీరెవరో నాకు తెలియదు అంది. ఇంకాస్త దగ్గరగా పెట్టింది. తెలియదు అంది. ఎడమకు, కుడికి తిప్పింది. తెలియదు, తెలియదు.

"నేనే! మొన్న చూశావు కదా!" అని ఫోనును బతిమాలింది.

రహస్య సంఖ్య కొట్టమంది ఫోను. శుక్రవారంనాటి గౌను. శుక్రవారం మిషను మీదికి వచ్చిన గౌన్లు నాలుగు. ఛాతీ ముప్పైరెండా, ముప్పైనాలుగా? ఒకటి కొట్టింది, తప్పు. ఇంకొకటి, తప్పు. అయిదోసారికి, అరనిమిషం ఆగండి అని ఫోను ముఖం తిప్పుకుంది. ఈపాటికి మూలమీది మెరుపు టైలరు ఫోను మోగుతూ ఉంటుంది.

"అబ్బాయ్, ఫోన్లన్నిటి సంగతీ తెలిసినవాడివి. తెరువు నాయనా!"

"నాకు పెట్టె తెరవడం దాకానే తెలుసు వదినా," అన్నాడు మరిది. ఆ రెండేళ్లలో అతను ఇచ్చిన రివ్యూలన్నిటిలోకీ నిజమైంది అదొక్కటే.

అరనిమిషం. చేతులు ఏం చెయ్యాలో తోచక, కంగారు పుట్టినప్పుడల్లా చేసే పనే చేశాయి. మణికట్టు మీది మెత్తలోంచి మూడు గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకున్నాయి. ఆవిడ తల వంచి ఫోనులోకి చూసింది.

ఫోను తెరుచుకుంది.

"ఆఁ!" అంది అత్తగారు, ఈసారి నిజంగానే.

పన్నెండేళ్లుగా పగలంతా సూదులతో ఉండే ముఖం అది. శుక్రవారం ఫోనుకు చూపించినప్పుడు కూడా అవి నోట్లోనే ఉన్నాయని ఆవిడకు గుర్తే లేదు. ఫోనుకు మాత్రం గుర్తుంది. అది ఎరిగిన కుట్లమ్మ పెదాల మధ్య మూడు మెరుపులున్న మనిషి. సూదులు లేనిది ఎవరో పరాయి ఆడమనిషి.

నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. సూదులు తీస్తే ఫోను మళ్లీ తనను మరిచిపోతుందేమోనని తీయలేదు.

"ఎవరూ?" మేట్రన్ గొంతు.

"మ్... కుట్లమ్మనండీ."

"మాట అలా వస్తుందేం? నోట్లో ఏంటి?"

"గుంగుసూగులండీ."

అవతల ఎవరో ట్రాలీ తోసుకుపోతున్న చప్పుడు.

"నువ్వు ఎత్తలేదని మూలమీద ఆయనకు చేశాను," అంది మేట్రన్. కుట్లమ్మ కుర్చీలో కూలబడింది. "మొదటి రింగుకే ఎత్తాడు. ఎత్తినవాడు దించితేనా! ఆయన మిషను ఏం చేస్తుందో, ఆయన ఎవరెవరికి కుట్టాడో, ఆయనకు ఎవరెవరు దణ్ణం పెడతారో, అంతా చెప్పుకొచ్చాడు. నర్సులెంతమంది అని మాత్రం అడగలేదు. ఫోను పెట్టేశాను. నోట్లో సూదులున్న మనిషికి అంత మాట్లాడే వీలుండదు. ఆదివారం కూడా పని మీదే ఉన్నావన్నమాట."

కుట్లమ్మ బల్ల వైపు చూసింది. బిందె పక్కన అత్తగారు. ఖాళీ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మరిది. నిజం చెప్పాలంటే చాలా చెప్పాలి, నోట్లో మూడు సూదులున్నాయి.

"మ్," అంది.

"మంగళవారం గుడ్డ పంపిస్తాను."

ఫోను పెట్టేశాక ఆవిడ సూదులు ఒక్కొక్కటే తీసి మెత్తకు గుచ్చింది. అత్తగారు ఏమీ అడగకుండా బిందెలోంచే గ్లాసుడు నీళ్లు ముంచి ఇచ్చింది.

మరిది మాత్రం తేరుకోలేదు. "పెట్టె విప్పితే విప్పినట్టే వదినా. మొదటిసారి అనేది రెండోసారి ఉండదు."

"ఇలా ఇవ్వు," అంది కుట్లమ్మ. ఫోను తన దగ్గరే ఉంచుకుని, అంత బరువూ తూగేలా పెట్టెలో బాబిన్ల డబ్బా పెట్టి, స్టిక్కర్లను ఇస్త్రీపెట్టె వెచ్చదనానికి చూపించి, వాటి చోట్లలో అద్దింది. అయిదు నిమిషాలు పట్టలేదు. మరిది మళ్లీ డబ్బాల దొంతర ముందుకు వెళ్లి, మనిషి చెయ్యి తగలని పెట్టె అని చెప్పాడు. మూత తీసేచోట ఆపి, తరవాతి ముక్కలో ఫోను చూపించాడు. మధ్యలో అత్తగారు పడిపోయింది. ముఖం చూసి ఎంత వేగంగా తెరుచుకుంటుందో అని తెగ పొగిడాడు గానీ, అది అతని ముఖానికి తెరుచుకోలేదు. రాత్రి భర్త ముఖానికీ తెరుచుకోలేదు. ఆ వీడియోను నూటపన్నెండు మంది చూశారు. అందరూ అత్తగారి గురించే అడిగారు.

మంగళవారం మధ్యాహ్నం ఆసుపత్రి బండి వాకిట్లో ఆగింది. గోనెగుడ్డలో చుట్టి, నాలుగు వైపులా పురికొసతో కుట్టిన పెద్ద మూట. కుట్లమ్మ గది మధ్యలో చాప పరిచింది. పురికొసను సూదితో కాదు, పళ్లతో తెంపింది. లోపల తాను తెల్లగా ఉంది. ఎవరి ఒంటికీ అతుక్కోని, ఎవరి చంకల్లోనూ కుట్లు పిగలని, ఎవరి అక్కదీ చెల్లెలిదీ కాని గుడ్డ. అరచేత్తో ఆ చివరినుంచి ఈ చివరిదాకా నిమిరింది. సుద్దతో గీత గీసి, కత్తెర అందుకుంది.

"వదినా! ఆగాగు!" మరిది లోపలినుంచి ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "కత్తెర పెట్టకు! ఇంత పెద్ద మూట విప్పడం ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. మళ్లీ చుట్టేసి పెడదాం. ఆదివారం పదకొండుకైతే వెలుతురు..."

కుట్లమ్మ తలెత్తి అతన్ని ఒకసారి చూసింది. నోట్లో గుండుసూదులున్నాయి. కత్తెర నోరు తెరిచి గుడ్డ అంచున పెట్టి, నొక్కింది. కరకరమంటూ అది తెలుపులోకి దారి చేసుకుంటూ పోయింది.

వంటింటి గుమ్మంలోంచి అత్తగారు, ఎవరూ అడగకుండానే, గుండె మీద చెయ్యి వేసుకుని నోరు వెళ్లబెట్టింది.